మోసేవాడి ముఖం

ఆ ఊళ్ళో బోర్డు మీద జంతువు కనిపించిందంటే అది బోర్డులమ్మ వేసిందే అయి ఉండాలి. పాలడిపో గోడ మీది ఆవు, పశువుల ఆసుపత్రి గేటు మీది గుర్రం, దాణా కొట్టు షట్టరు మీద చెవులు రిక్కించిన కుందేలు, చెప్పుల దుకాణం మీద ఎందుకుందో ఎవరికీ తెలియని ఏనుగు, అన్నీ ఆమె చేతివే. మనుషుల్ని మాత్రం తప్పనిసరైతే తప్ప వేసేది కాదు. "మనుషుల్ని వేస్తే ముక్కు బాలేదని, రంగు తగ్గిందని వంకలు పెడతారు. ఇన్నేళ్ళలో ఒక్క ఆవు కూడా వచ్చి నా ముక్కు ఇలా ఉందేంటని అడగలేదు" అనేది.

ఆ జంతువుల్లో ఒక తమాషా ఉంది. ఏ ముఖం చూసినా ఎక్కడో చూసినట్టే ఉంటుంది. పాలడిపో ఆవును చూస్తే, వేళకాని వేళ వచ్చిన చుట్టాన్ని లోపల తిట్టుకుంటూ పైకి నవ్వే ఇల్లాలు గుర్తొస్తుంది. ఆసుపత్రి గుర్రానిది, లోపలికి తీసుకెళ్ళినవాళ్ళ కబురు కోసం బల్ల మీద కూర్చున్న మనిషి చూపు. కారణం ఆమె పని చేసే తీరు. నిచ్చెన పైమెట్టుకి ఒక చేతి అద్దం దారంతో కట్టుకునేది. జంతువు ముఖం దాకా వచ్చాక, అద్దంలో చూసుకుంటూ తనే ఆ ముఖం పెట్టేది. భయమైతే భయం, ఆకలైతే ఆకలి. నుదురు ఎక్కడ ముడుచుకుంటోందో, పెదవి ఎటు లాగుతోందో వేలితో తడిమి చూసుకుని, ఆ ముడతే తీసుకెళ్ళి ఆవుకో మేకకో పెట్టేది. ఇది ఎవరూ నేర్పిన విద్య కాదు. దారిన పోయేవాళ్ళకి, నిచ్చెన మీద నడివయసు ఆడమనిషి అద్దంలో చూసుకుంటూ మూతి తిప్పుతుంటే నవ్వాగేది కాదు.

"ఏం బోర్డులమ్మా, ఇవాళ ఏం జంతువు?" అని కిందనుంచి అరిచేవాళ్ళు.

"గాడిద. అక్కడే నిలబడు, పోలిక బాగా కుదురుతోంది" అనేది కుంచె ఆపకుండా.

ఆమె మొదట చేరింది బట్టలు కుట్టే కొట్లో, గుండీలు కుట్టే పనికి. ఆ కొట్టు బోర్డు వానకి వెలిసిపోయింది. పెయింటరు రేపు, మాపు అని తిప్పుతుంటే యజమాని విసిగిపోయి, "నువ్వు సన్నగా కుడతావు కదా, సన్నగా గీయలేవా?" అన్నాడు. గీసింది. అక్షరాలు వంకర పోయాయి. కానీ పక్కన ఖాళీ మిగిలిపోయిందని వేసిన పిల్లి, దారపుండలో చిక్కుపడిపోయి ఏడుపుముఖం పెట్టిన పిల్లి, దాన్ని జనం ఆగి చూశారు. ఆ తర్వాత ఆమె మళ్ళీ గుండీల జోలికి పోలేదు. తక్కినదంతా తప్పులు చేసి నేర్చుకున్నదే. తడి గోడ మీద రంగు వేస్తే పొరలుగా ఊడుతుందని, ఒక గోడ మొత్తం ఊడిపోయాక తెలిసింది. నలుపులో చుక్క నీలం కలిపితే జంతువు కంటికి ప్రాణం వస్తుందని చెయ్యి జారి నీలం ఒలికినప్పుడు తెలిసింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక గోడ సగంలో ఉండేది. గోడలు తెమిలేసరికి సంబంధాలు తెమిలిపోయాయి.

ఇంట్లో ఆమె, వాళ్ళమ్మ, చెల్లెలు. చెల్లెల్ని అమ్మ 'పిట్ట' అనేది. ఏ ముహూర్తాన అందో గాని, పిట్ట కాళ్ళకి బలపం కట్టుకునే పుట్టింది. మొదటిసారి నాటకాలవాళ్ళ వెంట పోయింది. తర్వాత ఎవరో స్నేహితురాలితో కలిసి దుకాణం పెడతానని. ఆ తర్వాత ఒక మనిషి కోసం. మూడుసార్లూ అమ్మ చేతిసంచీ ఒకటి పట్టుకుని ఊరూరూ తిరిగి, వెతికి పట్టుకుని ఇంటికి తెచ్చింది. అమ్మ వెళ్ళిన రోజుల్లో ఇల్లు కాచుకుని, పొయ్యి వెలిగించి, వీధి తలుపు వైపు చూస్తూ కూర్చున్నది పెద్దకూతురు. తిరిగొచ్చాక అమ్మ పిట్టకి నీళ్ళు కాచేది, పిట్టకి పక్క వేసేది. "నువ్వెలా ఉన్నావే?" అని పెద్దదాన్ని ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని తోచి ఉండదు.

నాలుగోసారి పోయినప్పుడు అమ్మకి మోకాళ్ళు సహకరించలేదు. ఆ తర్వాత రెండేళ్ళకి అమ్మే పోయింది. పిట్ట రాలేదు. కబురు పంపినా రాలేదు.

ఇది జరిగిన చాలాకాలానికి, ప్రార్థన మందిరం పెద్దాయన బోర్డులమ్మను పిలిపించాడు. మందిరం పక్కన పొడుగాటి గది ఒకటుంది. మనసు బాగోలేనివాళ్ళు వచ్చి కాసేపు మౌనంగా కూర్చునే గది. దాని గోడ నిండా ఒక బొమ్మ కావాలన్నాడు. మందలోంచి గొర్రె ఒకటి తప్పిపోతే, తక్కిన తొంభై తొమ్మిదింటినీ వదిలి కాపరి దాన్ని వెతుక్కుంటూ పోయి, భుజాల మీద వేసుకుని తెచ్చిన కథ.

బోర్డులమ్మ గోడ మీద అరచెయ్యి పెట్టి చెమ్మ ఉందేమో చూస్తూ అడిగింది: "మరి మిగతావాటి దగ్గర ఎవరున్నారండీ?"

"ఏ మిగతావి?"

"వదిలేసి పోయాడు కదా, ఆ తొంభై తొమ్మిది."

పెద్దాయన నవ్వాడు. "అవి క్షేమంగానే ఉన్నాయమ్మా."

"అలా అని అవి చెప్పాయా?"

ఆయన గోడ పొడుగు ఒకసారి చూశాడు. "సరే, వాటిని కూడా వెయ్యి" అన్నాడు చివరికి.

గోడకి లప్పం పట్టి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దుతుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"అక్కా, నేను."

బోర్డులమ్మ రుద్దడం ఆపింది. చేతిలో ఉప్పుకాగితం అలాగే ఉంది.

"ఇక్కడ నాకెవరూ లేరక్కా. ఇంటికి రావచ్చా? ఈసారి... ఉండిపోదామని."

రావద్దనడానికి నోరు తెరిచింది. ఎందుకో మాట రాలేదు. రమ్మనడానికీ రాలేదు. "పెద్ద గోడ పనిలో ఉన్నా. వస్తే రా. ఈ పని అయ్యేదాకా ఉండు. ఉండాలో పోవాలో అప్పుడు చెప్తా" అని పెట్టేసింది. ఆ రోజంతా గోడని అవసరానికి మించి రుద్దింది.

ముందు మందతో మొదలుపెట్టింది. కంచె వెనక గొర్రెలు, ముందు వరసలో ఉన్నవాటికి ముఖాలు, వెనక్కి పోయేకొద్దీ వీపులు, ఇంకా వెనక్కి పోతే ఉన్ని మూటలే. ఆ ముఖాల కోసం అద్దం ముందు అంత కష్టపడాల్సిన పని లేకపోయింది. ఒకటి మూతి ముడుచుకుని పక్కకి తిరిగి ఉంది. ఒకటి దారి వైపే చూస్తోంది, రెప్ప వేస్తే ఏం కొంప మునుగుతుందో అన్నట్టు. ఒకటి గడ్డి నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయింది. ఒక ముసలి గొర్రె, 'ఇదేమన్నా కొత్తా' అన్నట్టు కళ్ళు సగం మూసుకుంది. మూలనున్న చిన్నది కంచె మీద గడ్డం ఆనించి, తననెప్పుడైనా అలా ఎత్తుకుంటారా అని చూస్తోంది. అది వేస్తున్నప్పుడు మాత్రం బోర్డులమ్మ ఒకసారి నిచ్చెన దిగి, ముఖం కడుక్కుని వచ్చింది.

పెద్దాయన వచ్చి చూసి చాలాసేపు నిలబడ్డాడు. "ఇవి మరీ మనుషుల్లా చూస్తున్నాయమ్మా" అన్నాడు. తర్వాత మెల్లిగా, "మా అన్నయ్య ఇలాగే చూసేవాడు, ఆ గడ్డి నోట్లో పెట్టుకున్నదానిలా" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

మంద కోసం అన్ని రోజులు పెట్టిన మనిషి, కాపరినీ ఆ తప్పిపోయిన గొర్రెనీ ఒక్క పూటలో తేల్చేసింది. కొత్తగా గీయాలనిపించలేదు. ఇంట్లో అటక మీద పాత కాగితం చుట్ట ఉంది. బోర్డుల పనిలో, ఒకసారి గీసిన బొమ్మ మళ్ళీ కావాలంటే గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి దాచుకుంటారు. ఆ కాగితం గోడకి ఆనించి, గుడ్డలో కట్టిన బొగ్గుపొడితో అద్దితే చుక్కలు చుక్కలుగా బొమ్మ దిగిపోతుంది. చుట్ట తెచ్చింది, అద్దింది, చుక్కలు కలిపింది, రంగు నింపింది. కాపరికి పొడుగు అంగీ తొడిగింది, చేతికర్ర ఇచ్చింది. నవ్వుముఖం కాగితంలో ఉన్నదే ఉంచేసింది.

మర్నాడు పిట్ట దిగింది. వీధి తలుపు దగ్గర నిలబడింది, చిన్న సంచీతో. బొద్దుగా ఉండే మనిషి, సగమైపోయింది.

"చిక్కిపోయావే" అంది బోర్డులమ్మ.

"నువ్వు లావయ్యావు" అంది పిట్ట. "నా వాటా కూడా నువ్వే తిన్నట్టున్నావు."

పాతరోజులైతే ఇద్దరూ నవ్వేవాళ్ళే. ఇప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నారు. అన్నం దగ్గర ఉప్పు అందించమనడం తప్ప మాటల్లేవు. అమ్మ సంగతి పిట్ట ఎత్తలేదు. ఎత్తకపోవడం చూసి బోర్డులమ్మకి ఒళ్ళు మండింది. ఎత్తి ఉంటే ఇంకా మండేదేమో.

వారాంతపు ప్రార్థన అయ్యాక జనం బొమ్మ చూడ్డానికి పక్కగదిలోకి వచ్చారు. బోర్డులమ్మ తలుపు పక్కన నిలబడింది, చెల్లెలు ఆమె వెనక. అందరూ మందను చూసి గుసగుసలాడుకుంటున్నారు. ఇంతలో మటన్ కొట్టాయన జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. భారీ మనిషి, గొంతు కూడా అంతే. కాపరి బొమ్మ ముందు ఆగి, తల అటు వంచాడు, ఇటు వంచాడు.

"ఇది నా బోర్డే కదమ్మా!" అన్నాడు గది దద్దరిల్లేలా. "అదే గొర్రె, అదే నవ్వు! కత్తొక్కటే తక్కువ. లుంగీ తీసేసి అంగీ తొడిగితే నేను కనిపెట్టలేననుకున్నావా?"

జనం బొమ్మ వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, గది మొత్తం నవ్వు. ముసలివాళ్ళు కూడా నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. మటన్ కొట్టాయనకి సంబరం పట్టలేదు. "మా గొర్రెకి మోక్షం వచ్చేసింది! ఇక్కడ దండం పెట్టుకుని తిన్నగా మా కొట్టుకి వచ్చెయ్యండి" అన్నాడు.

బోర్డులమ్మకి తల తీసేసినట్టయింది. పదేళ్ళ కిందట అతన్నే, గొర్రెను భుజాల మీద మోస్తున్నట్టు, అతని కొట్టుకి వేసిన బోర్డు అది. ఎవరు గుర్తుపడతారులే అనుకుంది. కానీ ఆ బోర్డు కింద రోజూ వరసలో నిలబడేవాళ్ళే ఇక్కడా వచ్చేవాళ్ళు.

అందరూ వెళ్ళాక పెద్దాయన ఆగాడు. కోపం లేదు, అదే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. "అమ్మా, మందని ప్రాణం పెట్టి వేశావు. ఈ ఒక్కదాన్నే ఎందుకిలా చేశావో నాకు తెలియదు. మనసు బాగోలేక ఇక్కడికొచ్చినవాళ్ళకి మటన్ గుర్తుకు రాకూడదు కదా" అన్నాడు.

"మార్చేస్తానండీ" అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి కాపరి ముఖం మీద తెల్లరంగు పూసేసింది. గొర్రె ముఖం మీద కూడా. నిచ్చెనకి అద్దం కట్టుకుని నిలబడింది. కాపరి కోసం నవ్వు పెట్టింది. మటన్ కొట్టాయన వచ్చాడు. జాలి పెట్టింది. మందుల కొట్లో క్యాలెండరు బొమ్మ వచ్చింది. గొర్రెకోసం సంతోషం పెట్టబోయింది. అద్దంలో కనిపించిన దాన్ని చూసి తనకే సిగ్గేసింది.

గది మూల బల్ల మీద పిట్ట కూర్చుని ఉంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేనని వెంట వచ్చింది. "అది సంతోషంగా ఉండదక్కా" అంది.

"ఏది?"

"ఆ గొర్రె. నాలుగు కాళ్ళూ ఒకచోట బిగించి పట్టుకుని, అడ్డంగా భుజాల మీద వేసుకుంటే సంతోషమేంటి? ఇంటికి తీసుకెళ్తున్నాడో కోతకి తీసుకెళ్తున్నాడో దానికేం తెలుసు? మటన్ కొట్టులో గొర్రెకీ దీనికీ లోపల ఒకటే."

బోర్డులమ్మ నిచ్చెన మీదనుంచి తిరిగి చూసింది. "నీకు తెలిసినట్టే చెప్తున్నావు."

"మూడుసార్లు వచ్చా కదా అలా." పిట్ట తన చేతులవైపు చూసుకుంది. "అమ్మ ఒక్క మాట అనేది కాదక్కా. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చునేది. దిగాక ముందు నడిచేది. నాకు వీపే కనపడేది. ఇంటికెళ్ళాక చంపుతుందో, ముద్ద కలిపి పెడుతుందో... దారి పొడుగునా అదే లెక్క వేసుకునేదాన్ని. ఆ ముఖం ఎలా ఉందో ఒక్కసారి చూస్తే చాలనిపించేది. చూడలేదు."

"నేనూ చూడలేదు" అంది బోర్డులమ్మ. "నేను ఇంట్లో ఉన్నా."

ఆ మాటలో ఎంత ఉందో పిట్టకి తెలిసింది. తల వంచుకుంది. "అమ్మ పోయినప్పుడు బయల్దేరానక్కా" అంది. "సగం దారిలో దిగిపోయా. వెతుక్కుంటూ వచ్చే మనిషి లేని ఇంటికి ఏ ముఖం పెట్టుకుని రాను?"

"నేనున్నానుగా!" నిచ్చెన అదిరింది. "నేనున్నాను కదే అక్కడ! ఒక్కదాన్నే అన్నీ చేశాను!"

గోడ మీద గొర్రెలు చూస్తున్నాయి. పిట్ట ఏడవలేదు. లేచి వచ్చి నిచ్చెన పట్టుకుంది, ఆమె పడిపోతుందేమోనని.

చాలాసేపయ్యాక బోర్డులమ్మ ముక్కు తుడుచుకుని కిందికి దిగింది. "ఈ కాపరి ముఖం రావడం లేదు" అంది, వేరే మాటే లేనట్టు.

"ఊరికే నిలబడి పెడితే వచ్చే ముఖం కాదేమో. బరువుండాలి. నన్నెత్తుకో."

"మతి పోయిందా? నా నడుము?"

"చిక్కిపోయానని నువ్వేగా అన్నావు."

బోర్డులమ్మ తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. వంగింది. పిట్ట వీపెక్కి మెడ చుట్టూ ఒక చెయ్యి వేసింది. రెండో చేత్తో అద్దం పట్టుకుని, అక్క ముఖం ముందు చాపింది. "చూసుకో. నడువు."

"ఎక్కడ చూసుకోను! కింద డబ్బాలున్నాయి!"

గది ఈ చివరినుంచి ఆ చివరికి నడవాలి. నేల నిండా రంగు డబ్బాలు, పలకలు, తడి గుడ్డలు. ఒక్క అడుగు తప్పితే ఇద్దరూ రంగులో పడతారు. బోర్డులమ్మ అద్దం సంగతే మర్చిపోయింది. కాలు ఎక్కడ పెట్టాలో చూస్తోంది. పెట్టాక, తర్వాతది ఎక్కడో చూస్తోంది. మెడ నరాలు బిగిసి, కింది పెదవి పళ్ళ కింద పడింది. వీపు మీద ఉన్నది చెల్లెలని, దానిమీద తనకి కోపమని కూడా ఆ కాసేపు తలపుకి రాలేదు. పడకూడదు, పడెయ్యకూడదు, అంతే.

అవతలి గోడ చేరాక ఆయాసపడుతూ, "చాలు, దిగు" అంది.

పిట్ట దిగలేదు.

"ఏయ్, దిగమంటే!"

"ఒక్క క్షణమక్కా" అంది పిట్ట. ఆమె ఇంకా అద్దంలోకే చూస్తోంది. అందులో అక్క ముఖం ఉంది, చెమటతో, కళ్ళు నేలమీద.

దిగాక బల్ల మీద కూర్చుంది. "ఎలా ఉంది?" అని అక్క అడిగితే, అద్దాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. కనుబొమలు కిందికి. కళ్ళు మన వైపు కాదు, గొర్రె వైపూ కాదు, ఎదర నేల మీద. నవ్వు లేదు. ప్రేమ కూడా పైకి ఏమీ లేదు. కింది పెదవి లోపలికి. మెడమీద ఈ నరం ఉబ్బి ఉంది. ఆమె చెప్తుంటే బోర్డులమ్మ వేసుకుంటూ పోయింది. పుట్టాక మొదటిసారి, తను చూడని ముఖం ఒకటి వేరొకరి కళ్ళతో వేసింది. గొర్రెను మాత్రం పిట్టను ఎదురుగా కూర్చోబెట్టి చూసి వేసింది. భయపడుతున్న గొర్రె. మెడ చాపి కాపరి ముఖం చూద్దామని ప్రయత్నిస్తోంది. దానికి చెవి, చెంప అంచు తప్ప కనపడడం లేదు.

పెద్దాయన వచ్చి చూశాడు. "కాపరి మనవైపు చూడ్డం లేదేంటమ్మా?" అన్నాడు.

"దారి చూసుకుంటున్నాడండీ. రాళ్ళున్నాయి."

ఆయన వెళ్ళి ఎదురు బల్ల మీద కూర్చున్నాడు. ఎంతసేపటికీ లేవలేదు.

బయట కుళాయి దగ్గర పిట్ట కుంచెలు కడుగుతోంది. పని అయిపోయింది. సంచీ సర్దుకోవాలో అక్కర్లేదో ఇంకా తెలియదు. అడగడానికి ధైర్యం చాలక కడిగినవే మళ్ళీ కడుగుతోంది. బోర్డులమ్మ వచ్చి నడుం పట్టుకుని గట్టు మీద కూర్చుంది.

"నీ మీద నాకు కోపం పోలేదు" అంది.

"తెలుసక్కా."

"పోయాక పిలుద్దామనుకున్నా ఇన్నాళ్ళూ. అది పోయేలా లేదు. దాని దారిన అది ఉంటుంది. నువ్వు ఉండు."

పిట్ట కుళాయి కట్టలేదు. నీళ్ళు కుంచె మీదినుంచి తెల్లగా పోతూనే ఉన్నాయి.

"వెంట్రుకలు ఊడిపోతాయే అలా నలిపితే" అంది అక్క. "మొదటినుంచి చివరికి, ఒకే వైపు. ఇటివ్వు, చూపిస్తా."